గేర్ల మోత తగ్గించే రంగంలో మా వాడికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, రొయ్యల సాగు. మా అబ్బాయి మెకానికల్ మూడో సంవత్సరం. గేర్ల శబ్దం, కంపనాలు తగ్గించే రంగంలోకి వెళతానంటున్నాడు. నచ్చజెప్పి సాఫ్ట్‌వేర్ వైపు మళ్లించమంటారా?

జవాబు: మళ్లించకండి. విద్యుత్ కార్లు వచ్చాక ఈ పనికి విలువ పెరిగింది. ఇన్నాళ్లూ ఇంజిన్ మోత చాటున ఉన్న గేర్ల కూత ఇప్పుడు నేరుగా చెవిన పడుతోంది. కార్ల కంపెనీల్లో దీనికోసం ఎన్‌వీహెచ్ (శబ్దం, కంపనం, కరకుదనం తగ్గించే) విభాగాలున్నాయి. పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐలో పరీక్షశాల ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో యంత్రం పాడవకముందే లోపం పసిగట్టడానికీ ఇదే విద్య కావాలి.

అతనికి ప్రయోగశాల మీ చెరువు గట్టునే ఉంది. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరిగితే, సెకనుకు 24. దాని షాఫ్టు మీది గేరుకు 20 పళ్లుంటే సెకనుకు 480 సార్లు పన్నూ పన్నూ కలుస్తాయి. ఆ మోతను ఫోనులో రికార్డు చేసి, కంప్యూటర్లో ఫ్రీక్వెన్సీలుగా (సెకనుకు ఎన్నిసార్లు అన్న లెక్కన) విడదీస్తే 480 హెర్ట్జ్ దగ్గర ఒక గీత లేస్తుంది. దానికి అటూ ఇటూ 456, 504 దగ్గర పిల్ల గీతలు బలంగా కనిపిస్తే, గేరు ఓరగా కూర్చుందనో, పన్ను దెబ్బతిన్నదనో అనుమానించాలి. ఇదే ఫైనలియర్ ప్రాజెక్టుగా చేయమనండి. సొంతంగా కొలిచి, కారణం చెప్పగలిగిన కుర్రవాడిని ఇంటర్వ్యూలో తేలిగ్గా తీసుకోరు.

కింద రబ్బరు దిమ్మలు వేస్తే కంపనం నేలకు పాకడం తగ్గుతుంది కానీ, పుట్టడం ఆగదు. అసలు వైద్యం పంటి ఆకారంలో ఉంది. బరువు పడ్డప్పుడు పన్ను రవ్వంత వంగుతుంది, దాంతో వెనక పన్ను వేళకు ముందే వచ్చి గుద్దుకుంటుంది. అందుకే పంటి కొనను కొన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మేర తీసేస్తారు. ఏటవాలు పళ్లున్న హెలికల్ గేర్లు ఒక్కసారిగా కాక క్రమంగా కలుస్తాయి కాబట్టి తక్కువ మోతతో నడుస్తాయి. నాకు మెకానికల్‌లో ఇంతకంటే ముచ్చటైన పని కనిపించదు.

కంపనాల శాస్త్రం, సిగ్నల్ ప్రాసెసింగ్ (రికార్డు చేసిన మోతను విశ్లేషించే విద్య), పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పటినుంచే పట్టాలి. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఎల్ పాఠాలు ఉచితమే. గేట్ రాసి మెషిన్ డిజైన్‌లో ఎంటెక్ చేస్తే మంచి కంపెనీల తలుపులు తెరుచుకుంటాయి. లెక్కలంటే విసుగు ఉంటే మాత్రం ఈ దారి వద్దు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తక్కువే కావచ్చు, ఊరికి దూరంగా పుణె, చెన్నైలలో ఉండాల్సి రావచ్చు. దానికి మీరూ సిద్ధపడాలి.

ఒక్క జాగ్రత్త: చెరువు దగ్గర కరెంటుతో పని. పళ్లు లెక్కపెట్టాలన్నా, గేరుబాక్సు మూత తీయాలన్నా ముందు స్టార్టర్ దగ్గర కరెంటు ఆపించి, మీరు పక్కనే ఉండండి.