కొబ్బరితోట మెరక కాదు

ప్రశ్న: మాస్టారూ, మాది దివిసీమలో సముద్రానికి దగ్గరి పల్లె. డిగ్రీ చదివే మా అబ్బాయి కంప్యూటర్లో ఉప్పెన ముంపు మ్యాప్ తయారుచేశాడు. ఊరంతా ఎరుపు వచ్చింది, మా కొబ్బరితోట మాత్రం ఆకుపచ్చగా, మెరకగా చూపిస్తోంది. 1977లో ఆ తోటలోనే మా అత్తగారు చెట్టు పట్టుకుని ప్రాణం దక్కించుకున్నారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, కృష్ణా జిల్లా

జవాబు: మీ అత్తగారి మాటే నమ్మండమ్మా. అలాగని అబ్బాయిని ఏమీ అనకండి, చిక్కంతా ఎత్తుల డేటాలో ఉంది.

కాలేజీ పిల్లలు ఎక్కువగా వాడేది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన డేటా. ఉచితంగా దొరుకుతుంది. మీవాడు వాడిందీ అదే అయ్యుంటుంది. పదకొండు రోజుల్లో భూమ్మీద నేలలో చాలా భాగాన్ని కొలిచారు, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కానీ దట్టమైన తోట అడ్డొస్తే ఆ రాడార్ కిరణం నేలదాకా దిగదు, ఆకుల్లోంచే వెనక్కి తిరుగుతుంది. పైగా 30 మీటర్ల గడి మొత్తానికి ఒకటే అంకె. కొండ ప్రాంతంలో నాలుగు మీటర్ల తేడా వచ్చినా పెద్ద నష్టం లేదు. మీ వైపు నేలే సముద్రమట్టానికి రెండు మూడు మీటర్లు. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన దాదాపు 5 మీటర్లు. కొబ్బరాకుల ఎత్తు నేల ఎత్తులో కలిసిందంటే మునిగే చోటు కాస్తా మెరకైపోతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో ఉండగా తీరంలో ఒక సరుగుడు తోటను మెరకగా గుర్తించి, తుఫాను షెల్టర్‌కి పనికొస్తుందని రాశాను. చూడ్డానికి వెళ్తే అక్కడి మత్స్యకారుడొకాయన, ‘‘వానాకాలంలో ఇక్కడ మోకాల్లోతు నిలుస్తుందండీ’’ అని తన కాలి మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆ పూటే కాగితం మార్చాను. ఎత్తు చూసి రంగు వేసే ముందు మనిషిని అడగాలని అప్పుడే తెలిసింది.

అబ్బాయిని అత్తగారి పక్కన కూర్చోబెట్టండి. నీళ్లు ఏ దిక్కు నుంచి వచ్చాయి, కరకట్ట ఎక్కడ తెగింది, మురుగు కాలువ వెంట ఎదురెక్కి వచ్చాయా, ఏ గోడ మీద ఎంతదాకా నిలిచాయి, ఎన్నాళ్లకు తీశాయి, అన్నీ రాసుకోమనండి. ఆమె ఈడువాళ్లు ఊళ్లో ఇంకెంతమంది ఉంటే అంతమందినీ అడగాలి. ఆలస్యం చేయొద్దమ్మా, వాళ్లు ఉండగానే అడగాలి.

ఎత్తు కోసం ఫోన్ జీపీఎస్‌ని నమ్మొద్దు, అదీ మీటర్ల కొద్దీ తప్పుతుంది. తాపీమేస్త్రీలు మట్టం చూసే నీళ్ల ట్యూబు తెప్పించండి. ఒక కొస గోడ మీది గుర్తు దగ్గర, రెండోది మీ ఇంటి గడప దగ్గర పట్టుకుంటే ఆనాటి నీళ్లు గడపకి ఎంత ఎత్తున ఉండేవో సెంటీమీటర్లలో తెలుస్తుంది. ఆ పాయింట్లన్నీ మ్యాప్‌లు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఎక్కించి, తోట రంగు మార్చమనండి. అత్తగారు పట్టుకున్న చెట్టు ఇంకా ఉంటే మొదటి పాయింట్ దాని మొదట్లోనే పెట్టమనండి.