బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్ చూస్తే కెమెరా పాడవుతుందా?

పాడవచ్చు, ముఖ్యంగా ఓఐఎస్ (ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్) ఉన్న ఫోన్లలో. ఫొటో కదిలిపోకుండా ఈ కెమెరాల్లో లెన్స్‌ని సన్నటి స్ప్రింగుల మీద నిలబెట్టి అయస్కాంతాలతో అటూ ఇటూ జరుపుతుంటారు, ఇంజిన్ వణుకు హ్యాండిల్ గుండా రోజూ గంటల తరబడి అక్కడికి చేరితే ఆ అమరిక దెబ్బతినవచ్చు. ఆపిల్ కూడా 2021లో ఐఫోన్ల విషయంలో ఇదే హెచ్చరించింది. బుల్లెట్ లాంటి పెద్ద సింగిల్ సిలిండర్ బండి అద్దంలో వెనక వచ్చే కారు నంబరు వణికిపోతూ కనిపిస్తుంది చూడండి, ఆ వణుకే ఫోన్‌కీ వెళ్తుంది. హోల్డర్ గట్టిగా బిగిస్తే చాలని చాలామంది అనుకుంటారు, కానీ బిగింపు ఫోన్ పడిపోకుండా ఆపుతుందంతే, వణుకుని మాత్రం నేరుగా అందిస్తుంది. వణుకుని తగ్గించే రబ్బరు డ్యాంపర్ ఉన్న హోల్డర్ కొనండి, లేదా కెమెరాయే లేని బైక్ జీపీఎస్ పెట్టుకోండి (ధర మాత్రం కాస్త మండుతుంది).