‘ఈ వరస అయ్యాక వస్తాను’

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు. హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా వారిదీ ఉద్యోగమే. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. అత్తగారు మాతోనే ఉంటారు. మా పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లె. మా అమ్మ లేసు అల్లి మమ్మల్ని చదివించింది. ఏడాది క్రితం అమ్మ పోయింది. ఆమె పెట్టెలో సగం అల్లిన లేసు, క్రోషియా సూది దొరికితే తెచ్చుకున్నాను. అప్పట్నుంచి నాకు అల్లిక తప్ప ఇంకేదీ తోచడం లేదు. ఊలు అల్లిక కూడా వీడియోలు చూసి నేర్చుకున్నాను. అందరూ పడుకున్నాక రాత్రి ఒంటిగంట దాకా అల్లుతాను. 900 పెట్టి కొన్న ఊలు 300 అని చెప్తాను. మొన్న పాప చార్టు పట్టుకొచ్చి సైన్స్ ప్రాజెక్టుకు సాయం చెయ్యమంది. ‘ఈ వరస అయ్యాక వస్తాను’ అన్నాను. నేను లేచేసరికి టేబుల్ మీదే తల వాల్చి నిద్రపోయింది. ఆ రాత్రే మా వారు నా అల్లిక సంచీ తీసి అటక మీద పడేశారు. ‘కూలికి అల్లేవాళ్ళకంటే తప్పదు, నీకేం ఖర్మ’ అంటారు అత్తగారు. ఆఫీసులో స్నేహితురాలేమో అల్లినవి ఆన్‌లైన్‌లో అమ్మమంటోంది. నాలుగు డబ్బులొస్తే ఇంట్లో ఎవరూ ఏమీ అనరేమో అనిపిస్తోంది. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. అసలు మొత్తానికే మానేయమంటారా?

– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మానేయొద్దు. మీరు భయపడుతున్నది ఆ ఒక్క మాటకే అనిపించింది, అందుకే అది ముందే చెప్పేస్తున్నాను.

ఉత్తరంతో పాటు మీరు పంపిన ఫొటో చాలాసేపు చూశాను. తెల్ల దారం కాస్త పసుపు తిరిగింది. మధ్యలో పువ్వు, దాని చుట్టూ ఆరేడు చుట్లు అల్లి ఉన్నాయి. ఆ తర్వాతి చుట్టు సగంలో ఆగిపోయింది. చివరి ముడి విడిపోకుండా ఒక చిన్న పిన్నీసు గుచ్చి ఉంది. అది గుచ్చింది మీ అమ్మగారే కదా. పొయ్యి మీద ఏదో పొంగుతుంటేనో, ఎవరో గుమ్మంలోంచి పిలిస్తేనో, మళ్ళీ వచ్చి అందుకుందామని గుచ్చి లేచి ఉంటారు.

మీరు రాత్రిళ్ళు ఒంటిగంట దాకా కూర్చుని అల్లుతున్నది ఆ పిన్నీసు దగ్గర్నుంచే అని నాకనిపిస్తోంది. ఇది ఉత్త సరదా కాదు, అమ్మ కోసం బెంగ. చేతులు ఆమె చేతుల్లా కదులుతున్నంతసేపూ ఆమె పక్కనే ఉన్నట్టుంటుంది. మీకు నిద్ర రాకపోవడానికి, ఒక వస్తువు పూర్తవుతూనే గాభరాగా ఇంకోటి మొదలుపెట్టడానికి కారణం చాలావరకు ఇదే కావచ్చు. ఈ సంగతి మీ వారికి ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. ఆయనకు కనిపిస్తున్నది ఊలు ఉండలు, పగలు కునికిపాట్లు పడే భార్య, టేబుల్ మీద నిద్రపోయిన కూతురు. కారణం తెలియకపోతే ఎవరికైనా అది పిచ్చిలాగే కనిపిస్తుంది. సంచీ అటక మీదకు విసిరేయడం తప్పే, అది ఆయనకు చెప్పాల్సిందే. కానీ ఆ సంచీలో మీ అమ్మగారి ఆఖరి అల్లిక ఉందని ఆయనకు తెలిసి ఉండదు.

మీ సమస్య అల్లిక కాదమ్మా, దాన్ని దాచుకోవడం. టైము దాస్తున్నారు, ఖర్చు దాస్తున్నారు, బాధ కూడా దాస్తున్నారు. దొంగచాటుగా తిన్న తిండి ఒంటికి పట్టనట్టే దొంగచాటుగా చేసే పని కూడా ఎంత చేసినా తనివి తీరదు. అందుకే రెండు గంటలు అల్లినా మీకు చాలడం లేదు.

పాప విషయం. ఆ పిల్ల బాధపడింది, మీరూ పడుతున్నారు. దానికి క్షమాపణ చెప్పారా? చెప్పకపోతే ఇవాళే చెప్పండి, ‘ఆ రోజు నువ్వు పిలిస్తే నేను రాలేదు, తప్పు నాదే’ అని, రెండు ముక్కల్లో. దాని వెనకాల పెద్ద సంజాయిషీలు వద్దు. ‘ఈ వరస అయ్యాక’ అనే మాట మీ ఇంట్లోంచి తీసేయండి. వరసకు అంతు ఉండదని మీకు తెలుసు. ఒక వరస అవుతూనే చేతులు తర్వాతి దానికి మొదటి గొలుసు అల్లేస్తాయి. వరసలతో కాకుండా గడియారంతో ఆగడం అలవాటు చేసుకోవాలి. ఫోన్లో అలారం పెట్టుకోండి. అది మోగగానే, వరస మధ్యలో ఉన్నా సరే, మీ అమ్మగారిలా పిన్నీసు గుచ్చి లేవండి.

క్రోషియా అల్లికలో ఇది తేలిక కూడా. ఏ క్షణంలో చూసినా సూది మీద సాధారణంగా ఉండేది ఒకే ఒక్క ముడి. దాన్ని కాపాడితే చాలు, మిగతాదంతా గట్టిగానే ఉంటుంది. రెండు సూదులతో అల్లే ఊలు అల్లిక అలా కాదు. వరసలో కుట్లన్నీ సూది మీదే ఉంటాయి, హడావిడిగా వదిలి లేస్తే జారిపోతాయి. కాబట్టి పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు స్వెట్టర్ ముట్టుకోకండి. లెక్కపెట్టుకుంటూ అల్లాల్సిన సన్నదారం డిజైన్లు కూడా అప్పుడు వద్దు. లెక్క తప్పితే విసుగొస్తుంది, ఆ విసుగు ఎదురుగా ఉన్న పిల్లాడి మీద పడుతుంది. వాటిని ఎవరూ పిలవని టైముకు ఉంచుకోండి.

మీ ఊళ్ళో లేసు ఎలా తయారవుతుందో గుర్తుచేసుకోండి. పెద్ద టేబుల్ క్లాత్ మొత్తం ఒక్క మనిషే కూర్చుని అల్లడం తక్కువ. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, ఇంకో ఇంట్లో అతుకుపని చేస్తారు. మీరూ అలాగే విడగొట్టుకోండి. ఆఫీసు బస్సులో రోజూ పోనూ రానూ గంటన్నర పడుతుందని, ఆ టైమంతా ఫోన్లో అల్లిక వీడియోలు చూస్తానని రాశారు. అదే టైములో చేతికి బాగా తెలిసిన చిన్న చదరపు ముక్కలు, కాస్త లావు ఊలుతో, క్రోషియా సూదితోనే అల్లండి. రోజుకు రెండు ముక్కలైనా నెల తిరిగేసరికి చిన్న దుప్పటికి సరిపడా అవుతాయి. ఆదివారం తీరిగ్గా అతుక్కోవచ్చు. కానీ ముందు మీ చేతి సంగతి తేలాలి.

బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా? రాత్రిళ్ళు నిద్రలో ఎక్కువవుతోందా? అలాగైతే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నట్టు కావచ్చు. పగలంతా కంప్యూటర్ ముందు, రాత్రంతా సూదితో అదే చెయ్యి పనిచేస్తోంది. ఎముకల డాక్టరుకు చూపించండి. ఆయన చూసేదాకా అల్లిక ఆపండి. ఈ ఒక్క కారణంతో మాత్రం కొన్నాళ్ళు ఆపమంటున్నాను. తర్వాత కూడా ఇరవై నిమిషాలకోసారి సూది పక్కన పెట్టి వేళ్ళు చాపి ముడవండి. కళ్ళు కూడా పరీక్ష చేయించుకోండి. చత్వారం చాలామందికి నలభై దగ్గరపడేసరికి మొదలవుతుంది. తెల్లదారం మీద బెడ్‌లైట్ వెలుతురులో అల్లడం అసలు వద్దు.

ఇప్పుడు టైము. ‘ఇంటిపని అంతా అయ్యాకే కదా అల్లుకుంటున్నాను, అయినా తప్పేనా’ అని ఒకచోట రాశారు. ఇంటిపని ‘అంతా అవ్వడం’ అనేది ఉందా అసలు? కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్ళు 88 నిమిషాలని తేలింది. 2019లో ఇవే లెక్కలు 299, 97. ఐదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గితే, మగవాళ్ళకు తొమ్మిది తగ్గాయి. మీరు నిద్రలోంచి టైము కోసుకుంటున్నది అందుకే. పగలు మీది అని చెప్పుకోవడానికి అరగంట కూడా లేదు. కాబట్టి రాత్రి ఒంటిగంట దాకా ఉండొద్దని చెప్పి ఊరుకుంటే అది సలహా కాదు. పగటిలోంచి మీకు కొంత రావాలి, అది మీ వారి చేతుల్లోంచే రావాలి.

ఆయన్ని ఒక ఆదివారం పొద్దున, పిల్లలు లేవకముందు, కాఫీ దగ్గర కూర్చోబెట్టండి. గొడవైన రోజు మాత్రం వద్దు. మొదట అమ్మ మాట చెప్పండి. ఆ తర్వాత సూటిగా ఇలా చెప్పొచ్చు: ‘ఏవండీ, రోజూ రాత్రి తొమ్మిది నుంచి తొమ్మిదీముప్పావు దాకా నేను అల్లుకుంటాను. ఆ టైములో పిల్లలు ఏమడిగినా మీరు చూడండి. తొమ్మిదీముప్పావుకి సూది పక్కన పెట్టేస్తాను, పదిన్నరకల్లా పడుకుంటాను. పరీక్షలప్పుడు, ఇంట్లో ఎవరికైనా బాగోలేనప్పుడు మానేస్తాను. ఒక నెల ఇలా చేసి చూద్దాం.’ ఇంతే. ‘మీరు క్రికెట్ చూడట్లేదా’ అని ఎత్తకండి. ఆ మాట నిజమే అయినా, అది వచ్చిన క్షణం నుంచి మాటలు మీ అల్లిక మీద ఉండవు. మీరు చెప్పిన టైముకు మీరే నాలుగు రోజులు వరసగా లేవకపోతే ఆయన నమ్మరు. నమ్మకపోవడంలో తప్పూ లేదు.

ఖర్చు కూడా అక్కడే చెప్పేయండి. 900 ఊలుని 300 అని చెప్పినందుకు ఆయన కోప్పడతారు, కాసేపు పడనివ్వండి. మీ జీతంలోంచి నెలకు ఇంత అని పెట్టుకోండి, ఎంతన్నది ఇద్దరూ కలిసి అనుకోండి. సంచీలో ఉన్న ఊలు సగమైనా అయ్యేదాకా కొత్త ఉండ కొనకండి. కొనడం, అల్లడం రెండూ ఒకటి కాదు. రాత్రి పదకొండుకి ఫోన్లో రంగులు చూస్తూ కార్టులో వేసుకోవడం అల్లిక కిందికి రాదు. ఈ మాట కాస్త కటువుగా అంటున్నాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో బొమ్మలేసుకునేవాళ్ళు, కుట్టుకునేవాళ్ళు, మొక్కలు పెంచుకునేవాళ్ళు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటున్నారు. సామాను పెరుగుతుంది, పని పెరగదు, తప్పు చేస్తున్నామన్న బాధ మిగులుతుంది.

అమ్మకం సంగతి. మీ స్నేహితురాలు మంచి మనసుతోనే చెప్పింది. కానీ మీరు దేనికోసం అమ్మాలనుకుంటున్నారో చూడండి, ‘ఎవరూ ఏమీ అనరు’ అని. అంటే డబ్బు వస్తేనే ఆ గంట మీదవుతుందని మీరే ఒప్పేసుకుంటున్నారు. లేసు ఎంత శ్రమో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. నరసాపురం ప్రాంతానికి ఈ విద్య మిషనరీలతో వచ్చి నూట డెబ్భై ఏళ్ళు దాటింది. 2024లో నరసాపురం లేసుకు, అది ఆ ప్రాంతపు సొంత సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. దేశదేశాలకు వెళ్ళిన ఆ లేసుని పగలంతా వంచిన మెడ ఎత్తకుండా అల్లిన ఆడవాళ్ళ పనిని మాత్రం ‘ఇంట్లో ఉండి ఖాళీ టైములో అల్లుకుంటారు’ అనేశారు. ఏజెంటు దారం ఇచ్చి, అల్లింది తీసుకుని, తను కట్టిన లెక్క ప్రకారం కూలి ఇచ్చేవాడని మీరే రాశారు. మీ అమ్మగారు అల్లినవాటిలో ఒక్కటైనా మీ ఇంట్లో పరిచారా? ‘మా ఇంట్లో ఒక్క లేసు గుడ్డ కూడా లేదు’ అన్న మీ వాక్యం చదివి నాకు గుండె పట్టేసినట్టయింది. కూలి అక్కర్లేకుండా, ఎవరి ఆర్డరూ కాకుండా, తన ఇంటి కోసం అల్లుకునే గంట ఆమెకు దొరకలేదు. మీకు దొరికింది. దాన్ని వెంటనే తీసుకెళ్ళి డెలివరీ తేదీలకు, కస్టమర్ల మెసేజ్‌లకు కట్టేయకండి. రెండేళ్ళ తర్వాత ఆశ పుడితే అప్పుడు చూడొచ్చు, అప్పుడు మాత్రం మీ గంటకు సరైన ధర కట్టండి.

అత్తగారి మాటకు ఎదురు చెప్పకండి. ‘నీకేం ఖర్మ’ అనడంలో ఎగతాళి ఉండొచ్చు, కోడలు కష్టపడకూడదన్న జాలి కూడా ఉండొచ్చు. ఆమె దేవుడి గదిలో పీటకు సరిపడా చిన్న లేసు గుడ్డ అల్లి, ఏ రంగు అంచు పెట్టమంటారో ఆమెనే అడిగి చూడండి. కాదంటే కాదన్నారు, మీరేం పోగొట్టుకోరు.

ఇక అటక మీది సంచీ. దాన్ని స్టూలు వేసుకుని ఎవరూ చూడకుండా మీరు దింపుకోవద్దు. మాట్లాడాక ఆయన్నే దింపమనండి. అందులోంచి ముందుగా అమ్మ లేసు తీసి ఆయనకు, పాపకు చూపించండి. పిన్నీసు ఎందుకుందో చెప్పండి. పాప అడిగితే ఒక గొలుసు కుట్టు నేర్పండి, అడగకపోతే బలవంతం వద్దు. ఆ లేసుని మీరు పూర్తి చెయ్యాలా, ఆమె ఆపినచోటే ఉంచాలా అన్నది ఇప్పుడే తేల్చుకోకండి. పిన్నీసు మాత్రం తుప్పు పట్టి దారానికి మరక చేస్తుంది, దాన్ని తీసి స్టీలుది పెట్టండి.