డల్లాస్‌లో మ్యాచ్, గుంటూరులో ఈఎంఐ

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. వయసు 36. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చేతికి 68,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 21,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 5,000 పోతాయి. ఎఫ్‌డీలో 3 లక్షల 20 వేలు ఉన్నాయి. పాప అయిదో తరగతి. చిన్నప్పటి నుంచి నాకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మా అక్కావాళ్ళు డల్లాస్‌లో ఉంటారు. ఈ జూన్‌లో వరల్డ్ కప్ మ్యాచ్‌లు అక్కడే జరుగుతాయి. నేనూ మా ఆవిడా వెళ్ళి రెండు మ్యాచ్‌లు చూసి రావాలని ఆశ. వీసా ఇంకా లేదు. 5 లక్షల పర్సనల్ లోన్ 13 శాతం వడ్డీకి, మూడేళ్ళకి ఇస్తామంటున్నారు. వీసా రాకపోతే మ్యాచ్ టికెట్లు తిరిగి అమ్ముకోవచ్చు కదా అనుకుంటున్నాను. మా నాన్నగారు మాత్రం "ఆట కోసం అప్పేంట్రా" అంటున్నారు. ఏం చేయమంటారు సార్?

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం నాకూ సమ్మతమే. అప్పు వద్దు. కానీ ఆట కోసం డబ్బు ఖర్చు పెట్టడమే తప్పని ఆయన ఉద్దేశమైతే, అది నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ ఖర్చు నేనూ పెట్టాను.

2022లో ఖతార్ వరల్డ్ కప్‌కి వెళ్ళాను. మా బావమరిది దోహాలో పనిచేస్తాడు కాబట్టి రూము ఖర్చు లేదు. నవంబరు 28న ఎడ్యుకేషన్ సిటీ స్టేడియంలో దక్షిణ కొరియా, ఘనా మ్యాచ్ చూశాను. నాది మూడో కేటగిరీ టికెట్, 250 రియాళ్ళు, అంటే అప్పటి లెక్కలో అయిదున్నర వేల రూపాయలు. మొదటి సగంలో ఘనా రెండు గోల్స్ వేసింది. రెండో సగంలో కొరియా కుర్రాడు చో గ్యూ సంగ్ మూడు నిమిషాల్లో తలతో కొట్టి రెండు గోల్స్ వేశాడు. నా ముందు వరసలో ఎర్ర టీషర్టు వేసుకున్న ఒక కొరియా పెద్దాయన ఏడుస్తూ వెనక్కి తిరిగి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. కాసేపటికే కుడుస్ ఇంకో గోల్ వేసి ఘనాని 3-2తో గెలిపించాడు. ఆయన అలాగే కూర్చుండిపోయాడు. ఈసారి నేనే వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. బయటికొచ్చాక పెద్ద స్పాంజి చెయ్యి ఊపుతూ "మెట్రో, దిస్ వే" అని దారి చూపించే కుర్రాళ్ళ వెంట జనమంతా అదే మాట పాటలా పాడుకుంటూ నడిచాం. మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్ళకి ఆ రోజు మెట్రో కూడా ఉచితమే.

ఆ ప్రయాణం మొత్తానికి నాకైన ఖర్చు 75 వేల లోపే. నెలకి మూడు వేల చొప్పున రెండేళ్ళు ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా వేసే డిపాజిట్) కట్టి దాచిన డబ్బు అది. తిరిగొచ్చాక ఆ పెద్దాయన్ని తలుచుకున్నాను తప్ప, ఏ బ్యాంకు మెసేజీ నా కోసం ఎదురుచూడలేదు. మీకూ అలాంటి ప్రయాణమే కావాలని నా కోరిక.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 5 లక్షలు, 13 శాతం, 36 నెలలు అంటే ఈఎంఐ దాదాపు 16,850. మొత్తం కట్టేది 6 లక్షల 6 వేలు. లక్షా ఆరు వేలు వడ్డీకే పోతుంది. ఇంటి లోన్‌తో కలిపితే నెలకి 37,850, మీ జీతంలో సగం కంటే ఎక్కువ. సిప్ కూడా తీసేస్తే మిగిలేది పాతిక వేలు. పాప ఫీజు, కరెంటు బిల్లు, నాన్నగారి మందులు అన్నీ అందులోనే. మొదట ఆగిపోయేది సిప్ అని అనుభవం మీద చెబుతున్నాను. ఇక ఆ ఎఫ్‌డీ జోలికి అస్సలు వెళ్ళకండి. ఉద్యోగానికి ఏదైనా అయితే నాలుగైదు నెలలు ఇల్లు నడిపేది అదే.

అక్కగారి ఇల్లుంది కాబట్టి బస ఖర్చు కలిసొస్తుంది, నిజమే. అన్ని ఊళ్ళ కంటే ఎక్కువ మ్యాచ్‌లు, మొత్తం తొమ్మిది, డల్లాస్‌లోనే పెట్టారు కాబట్టి మీకు ఆశ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. కానీ మీ ప్లాన్ మొత్తం వీసా మీద నిలబడి ఉంది. ఒక్కొక్కరికి 185 డాలర్ల ఫీజు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్ళకి ఇంటర్వ్యూ తేదీ త్వరగా దొరికే ఏర్పాటు చేశారు గానీ, టికెట్ ఉంటే వీసా ఇస్తామని ఎవరూ చెప్పలేదు. తిరిగి అమ్ముకుందామన్నా వరల్డ్ కప్ నడిపే ఫిఫా సంస్థ సొంత రీసేల్‌లో అమ్మేవారి దగ్గర 15 శాతం, కొనేవారి దగ్గర 15 శాతం పట్టుకుంటారు. పైగా ఈసారి గిరాకీని బట్టి టికెట్ల ధరలు మారుతున్నాయి. మీరు ఎక్కువ ధరకి కొన్నది అదే ధరకి పోతుందన్న భరోసా లేదు.

నేనైతే 2030 మీద దృష్టి పెడతాను. అది స్పెయిన్, పోర్చుగల్, మొరాకోలో జరుగుతుంది. మొదటి మూడు మ్యాచ్‌లు మాత్రం దక్షిణ అమెరికాలో పెట్టారు. స్పెయిన్, పోర్చుగల్ రెండింటికీ యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఒక్కటే చాలు, పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు. నెలకి 16,850 కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అందులో దాదాపు సగం, 8,000 ఈ నెల నుంచే ఆర్‌డీలో వేయండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా 48 నెలలకి సుమారు 4 లక్షల 39 వేలు చేతికొస్తాయి. పాపని కూడా తీసుకెళ్ళొచ్చు. అప్పటికి తను పదో తరగతిలోకి వస్తుంది. బడి తెరిచిన మొదటి వారం పోతే పోనివ్వండి, ఇంటికొచ్చి చదువుకుంటుంది. కానీ పాస్‌పోర్టు ఇప్పుడే తీయకండి. పిల్లలకి అయిదేళ్ళకే ఇస్తారు, 2029లో తీస్తే సరిపోతుంది.

ఈ డబ్బుని ఎక్కువ లాభం వస్తుందని షేర్లలో పెట్టకండి. తేదీ ఖాయమైన ఖర్చు ఇది. ఆ నెల మార్కెట్ పడితే వరల్డ్ కప్ మీ కోసం వాయిదా పడదు. అయితే రూపాయి సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. నేను దోహా వెళ్ళినప్పుడు యూరో 90 రూపాయల లోపే ఉండేది, ఇప్పుడు వంద దాటింది. అందుకని జీతం పెరిగినప్పుడల్లా ఇంకో 500 కలపండి. దసరా బోనస్ వస్తే అందులో కొంత ఇటు వేయండి. మ్యాచ్‌లు కూడా గ్రూపు దశలో రెండు పెట్టుకోండి చాలు. పెద్ద జట్లే కావాలని పట్టుబట్టకండి. నేను చూసిన రెండు జట్లలో ఏదీ కప్పు గెలిచే జట్టు కాదు.

మరి ఈ జూన్ సంగతి? ఇక్కడే పండగలా చూడండి. 2022లో కోళికోడ్ దగ్గర పుల్లావూరులో అభిమానులు నదిలో, దాని ఒడ్డున మెస్సీ, నేమార్, రొనాల్డోల కటౌట్లు నిలబెట్టారు. ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ ఏడు ఫైనల్ నేను విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, తెల్ల దుప్పటి మీద ప్రొజెక్టర్ వేసుకుని చూశాను. అర్జెంటీనా 2-0తో ముందుంది, ఇంకో పది నిమిషాలే. వాచ్‌మన్ కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు. ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే రెండు నిమిషాల్లో రెండు గోల్స్ వేసేసరికి మడిచిన కుర్చీ చేత్తో పట్టుకుని అతను అలాగే నిలబడిపోయాడు. పెనాల్టీలు అయ్యేదాకా ఆ కుర్చీ కింద పెట్టలేదు. ప్రొజెక్టర్ అద్దె, మిరపకాయ బజ్జీలు, టీలు కలిపి తలకి 150 పడింది.

ఈసారి తొలి మ్యాచ్, ఫైనల్ రెండూ మన టైముకి రాత్రి పన్నెండున్నరకి మొదలవుతాయి. ఫైనల్ అయ్యేసరికి తెల్లవారుజాము అవుతుంది. జూలై 20, సోమవారం. ఆ రోజుకి సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోండి.