చి. అపర్ణకి: ఇసుకలోకి మాత్రం దిగొద్దు

చి. అపర్ణకి మావయ్య ఆశీస్సులు.

వచ్చే ఆదివారం నీతో పనిచేసే ఆరుగురిని బెంగళూరు నుంచి తీసుకొచ్చి బెజవాడంతా చూపిస్తున్నావట. నువ్వు రాసుకున్న కాగితం మీ అమ్మ ఫోన్లో చదివి వినిపించింది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు కూడా మర్చిపోకుండా రాశావు చూడు, నా కడుపు నిండిపోయింది. బెజవాడలో ఎండలు తప్ప ఏమున్నాయనే వాళ్లకి జవాబు చెప్పే పిల్ల మనింట్లోనే పుట్టింది. కానీ ఆఖర్న "సాయంత్రం ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణ ఇసుకలో ఫోటోలు" అని చదివేసరికి గుండె ఝల్లుమంది. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు తేలిక సంగతులు. రైలు దిగగానే గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న ఇడ్లీ పెట్టించు. ఎండెక్కకముందే ఉండవల్లి గుహల దగ్గరుండాలి. అనంతపద్మనాభస్వామి దగ్గర తొందరపెట్టకు. తల వైపు నుంచి పాదాల వైపుకి నడుస్తూ చూడమను, కొండని తొలిచి అంత విగ్రహం ఎలా తీశారో అప్పుడు తెలుస్తుంది. కొండపల్లి తీసెయ్యి, ఒక్క రోజులో ఇమడదు. బాపు మ్యూజియం ఉంచు, ఆ రోజు తెరుస్తారో లేదో ముందే కనుక్కో. 1921లో కాంగ్రెస్ కమిటీ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా ఇచ్చింది ఈ ఊళ్లోనే అని వాళ్లకి చెప్పు. దుర్గమ్మ గుడికి వాన పడుతుంటే ఘాట్ రోడ్డున వెళ్లొద్దు, రాళ్లు జారతాయి. మహామండపం వైపు నుంచి ఎక్కండి.

బ్యారేజీ మాత్రం కారులో దాటించకు. సీతానగరం వైపు దిగి ఊరి వైపు నడిపించు. 1,223 మీటర్లు, 70 గేట్లు. ఎడమ పక్కన నిండు నీళ్లు, ఎదురుగా ఇంద్రకీలాద్రి. 1852లో మొదలుపెట్టి కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగితే, 1957కి ఈ బ్యారేజీ లేచింది. గేట్ల దగ్గర వేలాడే బరువు దిమ్మలు చూపించు. గేటు తేలిగ్గా లేవడానికి అవే సాయం. 2024 సెప్టెంబరు మొదట్లో నది 11.43 లక్షల క్యూసెక్కులతో (క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు) వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన బోట్లు తగిలి ఆ దిమ్మల్లో కొన్ని పగిలాయి.

ఇక కుడి పక్కన కనపడే ఇసుక. మన ఊళ్లో తరం తర్వాత తరం చేస్తున్న తప్పు అక్కడే ఉంది. గేట్లు మూసుంటే నది ఎండిపోయిందనుకుంటారు. మీ అమ్మమ్మ ఘాటుకి తీసుకెళ్తే ఎవర్నీ మూడో మెట్టు దాటనిచ్చేది కాదు, స్నానమంతా చెంబుతోనే. అది చాదస్తం అనుకున్న పిల్లల ఇళ్లల్లోనే ఏడుపులు విన్నాం.

లెక్క చెబుతాను, విను. బ్యారేజీ పట్టేది 3.07 టీఎంసీలే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. ఖాళీగా ఉన్నా తొమ్మిది గంటల్లోపే నిండిపోతుంది. కాలువలకి ఇవ్వాలి గనక మామూలుగా నిండుగానే ఉంచుతారు. అంటే పైన పులిచింతల డ్యామ్ నుంచి నీళ్లొస్తే ఇక్కడ గేట్లెత్తక తప్పదు. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 3.97 లక్షల క్యూసెక్కులకి. "హెచ్చరిక లేదుగా" అని దిగుతారు పిల్లలు. ఇసుకలో నిలబడ్డ మనిషిని పడేయడానికి అంత వరద దేనికి, మోకాలి లోతు పరుగు నీరు చాలు.

గేట్లెత్తకపోయినా ప్రమాదమే. ఇసుక తవ్వేసిన గుంటలు నీటి అడుగున ఉంటాయి. పైన నీరు అద్దంలా సమంగా ఉంటుంది, ఒక అడుగు చీలమండ లోతు, తర్వాతి అడుగుకి నేలుండదు. గుంట అంచు ఇసుక కాలి కింద జారిపోతుంది గనక వెనక్కి ఎక్కలేరు. గేట్ల కింది సిమెంటు నేల మీద నాచు ఇంకో గండం. ఒకడు జారితే పక్కవాడు చెయ్యి పట్టుకుంటాడు, వాణ్ణి ఇంకొకడు. మన ఊళ్లో ఇలా ముగ్గురూ నలుగురూ కలిసి పోవడానికి కారణం ఆ చెయ్యే. ఎవరైనా పడితే వెనక దూకొద్దమ్మా. ఒడ్డున పడుకుని చున్నీయో తాడో అందించాలి, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసరాలి, చేపలు పట్టేవాళ్లని కేకెయ్యాలి, 112కి కొట్టాలి. ఈ మాట ఆ ఆరుగురికీ కారు ఎక్కేముందే చెప్పు, నది దగ్గర చెబితే ఎవరూ వినరు.

ఫోటోలే కావాలంటే ఇసుక దేనికి? సూర్యుడు కుంగేది పడమర, అంటే బ్యారేజీ పై వైపు. పున్నమి ఘాట్ పై మెట్ల మీద కూర్చోండి, నిండు నీటి మీద వెలుగు పడుతుంది. భవానీ ద్వీపానికి బోటెక్కితే లైఫ్ జాకెట్ బకిల్ నువ్వే స్వయంగా లాగి చూడు. వాళ్లకి ఇబ్బందనిపిస్తే అనిపించనీ. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి జనం పోయిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది.

కోప్పడ్డాననుకోకు తల్లీ. ఈ ఊరిని నీ అంత ఇష్టంగా చూపించేవాళ్లు మాకు కావాలి. కాగితంలో ఆ ఒక్క లైను కొట్టేసి, మార్చింది ఫోటో తీసి ఇవాళే పంపు. రాత్రి రైలుకి ముందు అందరూ ఇంటికి రండి, మీ అత్తయ్య గోంగూర మాంసం చేస్తానంటోంది. ఎవరు మాంసం తినరో, ఎవరికి కారం పడదో ముందే చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య