పాఠకుల ప్రశ్నలు: లేవీయుల బండ్లు, మన సౌండ్ బాక్సులు

ప్రశ్న: అయ్యగారూ వందనాలండి. మాది బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక తెలుగు సంఘం, 60 కుటుంబాల దాకా ఉంటాం, సొంత మందిరం లేదు, ఒక స్కూల్ హాల్ అద్దెకి తీసుకుని ఆదివారం ఆరాధన పెట్టుకుంటాం. కుర్చీలు వేసేది, సౌండ్ బాక్సులు మోసేది, సండే స్కూల్ చూసేది, కానుకలు లెక్కపెట్టేది అంతా నాలుగు కుటుంబాలే, అందులో మాదొకటి, 8 ఏళ్ళుగా ఇదే వరస, మా ఆయన బాగా అలిసిపోయారు. మొన్న మీటింగ్‌లో ఒక పెద్దాయన, లేవీయుల పద్ధతి పెడదాం, పాస్టర్ గారు యాజకుడు, పరిచర్య ఆ కుటుంబానికే ఉండాలి, మిగతావాళ్ళు చెప్పింది చేస్తే చాలు అన్నారు. బైబిల్ నిజంగా అలా చెప్తోందా? - ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే నాకు సంఖ్యాకాండమే గుర్తొచ్చింది, ఎందుకంటే ఎడారిలో ఆరాధన గుడారాన్ని మోసుకుంటూ తిరిగిన ఇశ్రాయేలీయులదీ మీలాగే కట్టడం, విప్పడం, మొయ్యడం ఉన్న ఆరాధనే కదా. ఆ గుడారం పని చూసే గోత్రమే లేవీయులు, వాళ్ళలో కహాతీయులు, గెర్షోనీయులు, మెరారీయులు అని మూడు వంశాలు. 4వ అధ్యాయం చూడండి, మందసం, బల్ల, దీపవృక్షం కహాతీయులకి, తెరలు, కప్పులు గెర్షోనీయులకి, పలకలు, స్తంభాలు, దిమ్మలు మెరారీయులకి. 30 నుంచి 50 ఏళ్ళ లోపు మగవాళ్ళని లెక్కపెడితే మొత్తం 8,580 మంది, ఎవరు ఏది మొయ్యాలో ముందే చెప్పేశారు.

కానీ నన్ను ఆపేసేది 7వ అధ్యాయం. గోత్రాల ప్రధానులు 6 బండ్లు, 12 ఎద్దులు తెచ్చిస్తే మోషే అందరికీ సమానంగా పంచలేదు, తెరలు మోసే గెర్షోనీయులకి 2 బండ్లు 4 ఎద్దులు, బరువైన పలకలు మోసే మెరారీయులకి 4 బండ్లు 8 ఎద్దులు, కహాతీయులకి ఒక్కటీ లేదు, వాళ్ళు భుజాల మీదే మొయ్యాలి. ఎవరి బరువు ఎంతో చూసి దానికి తగ్గ సాయం ఇచ్చారన్నమాట. మీ సంఘంలో మీ ఆయన బరువు ఎంతో ఎవరైనా ఎప్పుడైనా చూశారా అమ్మా, నాకు బాధ కలిగింది అక్కడే. ఇంకోటి, 50 ఏళ్ళు వచ్చిన లేవీయుడు మోత పని మానెయ్యాలి, కానీ సహోదరులకి తోడుగా ఉంటాడు, 8వ అధ్యాయంలో ఉంది. అంటే దిగిపోవడం కూడా ఏర్పాటులో భాగమే, తప్పుకోవడం కాదు.

దావీదు కాలానికి యాజకుల్ని 24 తరగతులు చేసి చీట్లు వేసి వంతులు పెట్టారు. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా అబీయా తరగతివాడు, తన వంతు వచ్చినప్పుడే ధూపం వెయ్యడానికి లోపలికెళ్ళాడు. ఆరాధనలో పాడే లేవీయులు 288 మంది, గురువు శిష్యుడు తేడా లేకుండా చీట్లు. నేను చెన్నైలో పరిచర్య మొదలుపెట్టినప్పుడు వాక్యం చెప్పి కీబోర్డు కూడా నేనే వాయించేవాణ్ణి, అదే భక్తి అనుకున్నా, నేర్చుకోవాల్సిన కుర్రాళ్ళ చోటులో నేను కూర్చున్నానని చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు.

ఇక పాస్టర్ కుటుంబమే యాజక కుటుంబం అనే మాట, అది కుదరదమ్మా. యాజకుడైన ఏలీ కొడుకులు పుట్టుకతో యాజకులే, అయినా జనం తెచ్చిన బలి మాంసాన్ని బలవంతంగా లాక్కున్నారు. హెబ్రీ పత్రిక ప్రకారం మన ప్రధాన యాజకుడు యేసే, ఆయన లేవీ గోత్రం కూడా కాదు, యూదా గోత్రం, పేతురేమో విశ్వాసులందర్నీ రాజులైన యాజకసమూహం అన్నాడు. అయితే పాస్టర్ గారి పోషణ మాత్రం సంఘం బాధ్యతే, నెహెమ్యా రోజుల్లో వాళ్ళ పోషణకి రావాల్సిన భాగాలు ఇవ్వకపోతే లేవీయులు పొలాలకి వెళ్ళిపోయారు.

డబ్బు విషయం ఒక్కరి మీద పెట్టొద్దు. యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచెయ్యడానికి కానుకల పెట్టె మూతకి బెజ్జం పెట్టి, నిండాక రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టేవాళ్ళు. మీరూ బంధువులు కాని ఇద్దర్ని పెట్టి, లెక్క అక్కడే రాయించి సంతకాలు చేయించండి.

ముందు పనులన్నీ ఒక కాగితం మీద రాయండి, ఏ పనికి ఎన్ని గంటలో పక్కనే రాయండి, 60 కుటుంబాల్ని గుంపులు చేసి నెలకో వంతు పెట్టండి, ప్రతి గుంపులో తెలిసినవాళ్ళు ఒకరు, కొత్తవాళ్ళు ముగ్గురు. ఈ నెల మీ ఆయన వచ్చి ఊరికే కూర్చుని పాటలు పాడితే చాలు. ఆ పెద్దాయనతో వాదన వద్దు, ఆయనకి వాక్యం మీద గౌరవం ఉంది కాబట్టే లేవీయుల మాట ఎత్తారు, వచ్చే మీటింగ్‌లో ఆ 7వ అధ్యాయం అందరికీ ఆయన్నే చదివి వినిపించమనండి.