ఇంటి రికార్డింగ్ గదిలో ముందు సరిచేయవలసినది ఏది?

పడకగదిలో పాటలు రికార్డు చేయాలంటే ఖరీదైన మైకు కొనాలా, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాలా అన్నది ప్రశ్న. ఈ రెండింటికంటే ముందు గది ధ్వనిని అర్థం చేసుకోవాలి.

సిమెంటు పూత గోడలు, టైల్స్ నేల, కాంక్రీటు శ్లాబు ఉన్న మన ఇళ్లలో గొంతు అన్ని వైపులా తగిలి తిరిగివచ్చి మైకులో పడుతుంది. అలా నమోదైన ప్రతిధ్వనిని తరువాత ఏ సాఫ్ట్‌వేరుతోనైనా పూర్తిగా తొలగించడం చాలా కష్టం. గుడ్ల అట్టలు, పలుచని ఫోము తారస్థాయి (హెచ్చు శ్రుతి) ధ్వనులను మాత్రమే కొంత తగ్గిస్తాయి, బయటి శబ్దాన్ని ఆపవు. 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాల) మంద్రధ్వని తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు కనుక, మంద్రస్వరాల హోరును అదుపు చేయడానికి మందమైన పదార్థం కావాలి. చెక్క చట్రంలో కనీసం 10 సెంటీమీటర్ల మందాన రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూదిలాంటి పదార్థం) నింపి, గుడ్డ చుట్టి, గోడకు కొంత ఎడంగా, ముఖ్యంగా మూలల్లో నిలబెట్టాలి. అంత ఖర్చు పెట్టలేనివారు పాడేవారి వెనుక మందపాటి దూది పరుపును నిలబెట్టినా గాత్రంలో తేడా స్పష్టంగా వినిపిస్తుంది. నేనైతే అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను.

గది ఇంకా కుదరనప్పుడు, నోటికి దగ్గరగా పెట్టి వాడే, సున్నితత్వం తక్కువైన డైనమిక్ మైకు మేలు. మరింత సున్నితమైన కండెన్సర్ మైకు చిన్న శబ్దాలనూ పట్టుకుంటుంది, పైగా చాలావాటికి ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పరికరం) నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే వచ్చే విద్యుత్తు) అందాలి. ఫ్యాను ఆపి, రికార్డింగ్ సాఫ్ట్‌వేరులో 24 బిట్ల నాణ్యత ఎంచుకుని, దాని మీటరులో గరిష్ఠ స్థాయి మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేయండి.